మొదటి అక్షరం వరకే

మా కుట్టుమిషను పక్కనుంచి

బావకి,

నువ్వు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చావని నిన్న ఫోనులో అక్క చెప్పింది. "చిన్న పక్షవాతమే, కుడిచెయ్యి కాస్త మొరాయిస్తోంది, అంతే" అంది. ఒకసారి ఆయనకియ్యక్కా అంటే నీ చేతికిచ్చింది. ఎలా ఉన్నావు బావా అన్నాను. "తెర" అన్నావు. అన్నం తింటున్నావా అన్నాను. "తెర" అన్నావు. నేను పడీపడీ నవ్వాను. నువ్వు ఫోను పెట్టేశావు. అంత కోపమేమిటయ్యా? ముందు వేళాకోళం మొదలుపెట్టింది నువ్వు కాదూ?

మీసాలు మొలిచిన నాటి నుంచీ నేను వేదిక మీద వెలగడం, నువ్వు పక్కతెర వెనక ముక్కాలిపీట మీద కూచుని నాకు మాట అందించడం. రిహార్సలుకి ముందు డైలాగుల కాగితాలు నా చేతిలో పెట్టి "పాఠం చదువు" అనేవాడివి. నాటకం అయిపోగానే "తెర!" అని నువ్వు అరిస్తేనే తాడు లాగేవాళ్ళు. ఆ అరుపు ఫోనులో వినిపించేసరికి వెనకటి రోజులు గుర్తుచేస్తున్నావనుకున్నాను.

ఇక్కడి సంగతులు. మొన్న ఒక పెద్దమనిషి పాత కోటు తెచ్చాడు. బట్ట కుంచించుకుపోయింది, వదులు చెయ్యమంటాడు. పొట్ట పెరిగిందని చస్తే ఒప్పుకోడు. నేనూ ఒప్పించలేదు. ఒప్పిస్తే కోటు మానేసి నడక మొదలుపెడతాడు, నా బేరం పోతుంది. ఇంతకీ ఎక్కడున్నాను? నువ్వు పక్కన ఉంటే ఎక్కడ వదిలానో అందించేవాడివి. సరే, దొరికినప్పుడు రాస్తాను. కోపం తగ్గాక జవాబియ్యి.

నీ బావమరిది

*

వంటింటి బల్ల మీద నుంచి

తమ్ముడికి,

అది వేళాకోళం కాదురా. ఫోనులో చెప్పలేకపోయాను, ఆయన పక్కనే ఉన్నాడు.

మీ బావకి మాట పోయింది. మెదడులో ఎడమపక్క దెబ్బ తగిలిందట. దాన్ని అఫేసియా అంటారని డాక్టరు చెప్పాడు. "మాటలన్నీ లోపలే ఉన్నాయమ్మా, బయటికొచ్చే దారి దెబ్బతింది" అన్నాడు. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. నీ ఉత్తరం చదివి వినిపిస్తే కోటాయన దగ్గర నవ్వాడు కూడా. తను చెప్పబోతే మాత్రం, ఏది చెప్పాలన్నా ఆ ఒక్క మాటే వస్తుంది. నీళ్ళు కావాలన్నా తెరే, కిటికీ వెయ్యమన్నా తెరే. అది కాదని ఆయనకే తెలుసు. తెలిసి తల కొట్టుకుంటాడు. రాయమంటే రాతా అంతే, ఎడంచేత్తో గీతలు గీసి కాగితం నలిపేస్తాడు.

పోయిన వారం సెలూన్‌కి వెళ్ళాడు, నేను వద్దన్నా వినకుండా, ఒక్కడే. కుర్చీలో కూచున్నాడట. మీసం సంగతేంటని అడిగాడట సెలూన్ అతను. "తెర" అన్నాడట. అక్కడున్న వాళ్ళు నవ్వారట. మళ్ళీ అడిగాడు, మళ్ళీ తెర. పాపం, అతను మాత్రం ఏం చేస్తాడు, ఏదో ఒకటి అనుకుని మొత్తం గీసేశాడు. పెళ్ళి చూపుల్లో నేను ముందు చూసింది ఆ మీసాన్నేరా. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు నుంచి గడప దాటలేదు. ఎవరైనా వస్తే వెనకగదిలోకి పోతాడు.

నేనేం తక్కువ చెయ్యడం లేదు. నోరు తెరిస్తే చాలు, నీళ్ళా, కాఫీనా, దుప్పటా, తలనొప్పా అని నేనే అన్నీ అందిస్తున్నాను. ఎంత అందిస్తే అంత ముడుచుకుపోతున్నాడు. నాకేం పాలుపోవడం లేదు. ఇంకొక్కసారి నలుగురిలో నవ్వులపాలైతే ఆ తలుపు ఇక తీయడు. నాకు తెలుసు.

అక్క

*

మా కుట్టుమిషను పక్కనుంచి

అక్కా,

ఫోనులో నవ్వినందుకు నా నవ్వు నాకే గొంతులో ముల్లులా ఉంది. దాని సంగతి బావకి ఎదురుగా నేను చూసుకుంటాను. ఇప్పుడు పని సంగతి.

నువ్వు ఎప్పుడూ ముందు వరసలో కూచుని నన్నే చూశావు కాబట్టి నీకు ప్రాంప్టింగ్ అంటే ఏమిటో తెలీదు. పక్క ఊరి సమాజంలో ఒక ప్రాంప్టరు ఉండేవాడు. ముద్దుపేరు మైకు. నటుడు కాస్త తడబడితే చాలు, డైలాగు మొత్తం గట్టిగా చెప్పేసేవాడు. ఒకరోజు జనం ఆ నటుణ్ణి వదిలేసి తెర వెనక్కి చూసి చప్పట్లు కొట్టారు. నటుడు మేకప్ కూడా తుడుచుకోకుండా వీధిలో పడ్డాడు. కిరీటంతో బస్సెక్కాడని అంటారు. అది కొంచెం నేను కలిపిందే అనుకో.

మీ ఆయన అలా కాదు. మొదటి అక్షరం, అంతే. అది అందించి ఆగుతాడు. మిగతాది మనమే తెచ్చుకోవాలి. "మొత్తం నేనే చెప్తే ఆ మాట నాదవుతుంది, నీది కాదు" అనేవాడు. ఇంకోటి. మర్చిపోయి ఆగామో, నటిస్తూ ఆగామో కనిపెట్టేవాడు. నటనలో ఆగినప్పుడు ఒక్కసారి కూడా నోరు మెదపలేదు. ఎలా తెలుస్తుంది బావా అని అడిగాను. "నీ మొహం జనాన్ని మోసం చేస్తుంది. నాకు కనపడేది నీ వీపు. మర్చిపోయినవాడి వీపు బిగుసుకుంటుందిరా" అన్నాడు.

నువ్వు ఇప్పుడు ఇంట్లో మైకులా ఉన్నావక్కా. కోప్పడకు. నోరు మూసుకుని కాసేపు మీ ఆయనలా కూచుని చూడు.

ఇంకో సంగతుంది. తర్వాత రాస్తాను.

తమ్ముడు

*

వంటింటి బల్ల మీద నుంచి

తమ్ముడికి,

నన్ను మైకు అన్నందుకు నీకు పడాల్సినవి బాకీ ఉన్నాయి. కానీ నువ్వు రాసింది నిజమే.

ఇక్కడ స్పీచ్ థెరపిస్టు వస్తున్నాడు. మనిషి వస్తాదులా ఉంటాడు, గొంతు దూదిలా ఉంటుంది. నీ ఉత్తరం చూపిస్తే చదివి, "మీ తమ్ముడుగారు చెప్పింది మేం చేసేదేనమ్మా. మాట మొత్తం అందించకండి. మొదటి శబ్దం ఇచ్చి ఆగండి. ఆగడమే కష్టం" అన్నాడు. బాగా అలవాటైనవేవైనా రోజూ చదివి వినిపించమన్నాడు. ఈ ఇంట్లో ఆయనకి అలవాటైనది ఇంకేముంది? మీ ముసలి జడ్జి నాటకం ప్రతి బయటికి తీశాను. అదేరా, జడ్జి తన కొడుక్కే శిక్ష వెయ్యాల్సి వస్తుందే, నువ్వు తెల్లజుట్టు పెట్టుకుని వేసేవాడివి. ఇప్పుడు పెట్టుకోనక్కర్లేదనుకో.

రోజూ పొద్దున్నే చదవడం, ఆయన కళ్ళు మూసుకుని వినడం. పోయిన వారం ఒకరోజు మొదటి రంగంలో ఉన్నాను. జడ్జి కోర్టులోకి వచ్చి అందర్నీ ఒకసారి చూసే చోటు. ఇంతలో స్టవ్ మీద పాలు బుస్సుమన్నాయి. చదవడం ఆపి వంటింట్లోకి పరిగెత్తాను. వెనకనుంచి వినిపించింది.

"నే".

గిన్నె పట్టుకుని నిలబడిపోయాను. మళ్ళీ వినిపించింది, మెల్లగా, పక్కతెర వెనకనుంచి వచ్చినట్టు. "నే".

తర్వాతి డైలాగు "నేను తీర్పు చెప్పడానికి రాలేదు, వినడానికి వచ్చాను" అని కదా. నేను మర్చిపోయాననుకుని నాకు అందిస్తున్నాడు తమ్ముడూ! పొయ్యి దగ్గర పాలూ నేనూ ఇద్దరం పొంగాం. స్టవ్ అంతా పాలు, మొహమంతా కన్నీళ్ళు. ఆయన మాత్రం విసుగ్గా చూస్తున్నాడు, ఈవిడ డైలాగు చెప్పదేమిటి అని.

ఇప్పుడు రోజూ కావాలని కాదు, నిజంగానే ఆగిపోతున్నాను. నాకు కళ్ళద్దాలు మార్చాలి. ఆగినచోటల్లా అక్షరం వస్తోంది. తనకి నీళ్ళు కావాలని చెప్పలేనివాడు, నా నోట్లో ఆగిన మాట అందిస్తున్నాడు. వస్తాదు కూడా ముక్కు చీదుకున్నాడు.

ఈ సాయంత్రం ఆయన నోరు తెరిచాడు. నేను పెదవి కొరుక్కుని కూచున్నాను. తెర అనబోయి ఆపుకున్నాడు. నేను "నీ" అని ఆగాను. ఎంతసేపు ఆగానో నాకూ ఆ దేవుడికీ తెలుసు. "నీ... నీళ్ళు" అన్నాడు. బిందెడు తెచ్చివ్వాలనిపించింది.

ఆ ఇంకో సంగతేమిట్రా?

అక్క

*

మా కుట్టుమిషను పక్కనుంచి

బావకి,

అక్క ఉత్తరం చదివి ఒక పెద్దమనిషి పంట్లాం ఒక కాలు పొట్టిగా కత్తిరించేశాను. నష్టం నీ ఖాతాలో.

ఇప్పుడు ఇంకో సంగతి. మీ ఊళ్ళో మన పాత హాలు బాగుచేశారు. మొదటి ప్రదర్శనకి జడ్జి నాటకమే వెయ్యాలని కొత్త డైరెక్టరమ్మ పట్టుబట్టింది. జడ్జి వేషం నాకే. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాకే నీ జబ్బు సంగతి తెలిసింది. ఇన్నాళ్ళూ దాచాను, ఏ మొహంతో చెప్పను? ఆవిడ మంచిదే కానీ పక్కతెర వెనక మనిషి ఎందుకంటుంది. చెవిలో చిక్కుడుగింజంత యంత్రం పెడతారట, దాంట్లోంచి డైలాగులు వినపడతాయట.

నాకు నువ్వు కావాలి. ముక్కాలిపీట నేను తెస్తాను. వస్తావా?

నీ బావమరిది

*

వెనకగది

రాను.

(ఈ రెండక్షరాలూ ఎడంచేత్తో మీ బావే రాశాడు తమ్ముడూ. రాయడానికి చాలాసేపు పట్టింది. మొదటిసారి తన చేత్తో రాసిన మాట ఇదా అని నాకు ఏడుపూ వచ్చింది, సంతోషమూ వచ్చింది. బలవంతం చెయ్యకు. నా ముందు అక్షరం రావడం వేరు, హాలు నిండా జనం ముందు రావడం వేరు. నీకు నిజంగా అవసరమైన క్షణంలో "తెర" అనేస్తే? నాటకం మధ్యలో తెర పడితే? సెలూన్ నుంచే ఇంకా బయటికి రాలేదు మనిషి. — అక్క)

*

హాలు పక్క గెస్ట్‌రూము నుంచి

బావకి,

రాకు. ఎవడు బతిమాలాడు నిన్ను? మీ ఇంటికి నాలుగు వీధుల అవతలే ఉన్నాను, రిహార్సళ్ళకి వచ్చి. అయినా రాను. నీ మీద కోపం తీరలేదు. ఉత్తరాలే రాస్తాను.

ఇక్కడ నా బతుకు విను. చెవిలో చిక్కుడుగింజ పెట్టారు. అవతల గదిలో ఎవరో కూచుని చదువుతారు. మొదటి రోజు దాంట్లో ఎవరిదో ఫోను కలిసింది. కోర్టు సీన్లో ఉండగా చెవిలో ఒకాయన పిల్లాడి స్కూలు బస్సు రాలేదని గొడవ. నేను ముద్దాయి వైపు చూసి బస్సు ఎందుకు రాలేదని అడగబోయి ఆగాను.

అది సరిచేశారు. అసలు బాధ అది కాదు. మూడో రంగం తెలుసుగా. శిక్ష వెయ్యబోతూ జడ్జి కళ్ళద్దాలు తీసి, కొడుకు వైపు చూసి, మాట రాక నిలబడిపోతాడు. ఆ నిశ్శబ్దం కోసమే కదా ఆ నాటకం. నేను కళ్ళద్దాలు తీసీ తియ్యగానే చెవిలో "ఈ చేతులతోనే నిన్ను ఎత్తుకున్నాను" అని గబగబా చదివేస్తుంది ఆ యంత్రం. లోపల నిశ్శబ్దం చచ్చిపోయాక బయట ఏం నటించను? మాట అందించడం దానికొచ్చు. ఊరుకోవడం రాదు. నాకు ఊరుకునేవాడు కావాలి. లోకంలో అది తెలిసినవాడు ఒక్కడే, వాడేమో మీసం పోయిందని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తెర అంటావనా నీ భయం? అను. తెర పడితే పడనీ. నేను బయటికొచ్చి జనానికి దణ్ణం పెట్టి, మా బావకి నా నటన నచ్చలేదండీ అంటాను. చప్పట్లు కొట్టి మళ్ళీ తెర లేపమంటారు. మీసం లేకపోతేనేం, పక్కతెర వెనక నీ మొహం ఎవడు చూశాడు?

నీ బావమరిది

*

వెనకగది

యంత్రం. వద్దు.

వస్తా.

పాఠం చదువు.

*

మా కుట్టుమిషను పక్కనుంచి

బావకి, అక్కకి,

నిన్ననే ఇల్లు చేరాను. హాల్లో జనం కమ్ముకోవడంతో బావతో మనసువిప్పి మాట్లాడనే లేదు. పొద్దున్నే రైలు. అందుకే ఈ ఉత్తరం.

ముందు మొదటి రంగం. కోర్టులోకి వచ్చాను. అందర్నీ ఒకసారి చూశాను. ముందు వరసలో ఆ కోటు పెద్దమనిషి! అంత దూరం నుంచి నా నాటకం చూడ్డానికి వచ్చాడు, నేను వదులు చేసిన కోటు తొడుక్కుని. గుండీలు పెట్టుకోలేదు. కుట్టు మళ్ళీ చాల్లేదా అని చూస్తూ ఉండిపోయాను. చూపు వెనక్కి లాక్కునేసరికి బుర్రలో ఏమీ లేదు. తెల్లకాగితం. చెవిలో యంత్రం లేదు, నేనే వద్దన్నాను. నటన కాదు బావా, నీ తోడు, నిజం భయం.

అప్పుడు వచ్చింది. "నే".

గొంతు కొంచెం బొంగురు, అంతే. "నేను తీర్పు చెప్పడానికి రాలేదు, వినడానికి వచ్చాను" అన్నాను. ఆ మాట అంత నిజంగా నేను ఎన్నడూ అనలేదు. జనానికి ఏమీ తెలీదు. చక్కటి విరుపు అనుకున్నారు.

ఇప్పుడు నా ఫిర్యాదు. మూడో రంగంలో కళ్ళద్దాలు తీసి ఆగాను. ఎప్పుడూ ఆగేదానికంటే ఎక్కువే ఆగాను. అసలు డైలాగే గుర్తు లేదు. పక్కతెర వైపు చెవి పెట్టాను. నువ్వు నోరు మెదపలేదు! నన్ను నడివేదిక మీద వదిలేశావు. ఏదో నా అదృష్టం, చివరికి మాట అదే వచ్చింది. ఏం, కునుకు తీశావా?

నీ బావమరిది

*

వంటింటి బల్ల మీద నుంచి

తమ్ముడికి,

కునుకట! పక్కతెర వెనక నేనున్నానురా, ఆయన పక్కన స్టూలు మీద. నీకేం కనపడుతుంది, వెలుగంతా నీ మీద.

మొదటి రంగంలో నువ్వు ఆగగానే నాకు చెమటలు పట్టేశాయి. ఆయన ముందుకి వంగాడు. పెదవులు కదిలాయి. "త" అనే ఆకారం వచ్చింది. చచ్చాంరా దేవుడా అనుకున్నాను. తాడు పట్టుకున్న అతను కూడా ఆయన్నే చూస్తున్నాడు. నా నాలిక చివర "నే" ఉంది, నేను అందిస్తే అయిపోతుంది. చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. నేను అందిస్తే ఆ మాట నాదవుతుంది కదా. ఆయన పెదవులు మూశాడు. ముక్కుతో గాలి పీల్చాడు. అప్పుడు అన్నాడు.

నేను ఆయన మోకాలు గిల్లేశాను. ఇంకా కమిలి ఉంది.

మూడో రంగంలో నువ్వు ఆగినప్పుడు నేను మళ్ళీ వణికిపోయి ఆయన వైపు చూశాను. చేతులు కట్టుకుని వెనక్కి వాలి కూచున్నాడు. నవ్వుతున్నాడు! ఇయ్యండి, ఇయ్యండి అని సైగ చేశాను. అడ్డంగా తల ఊపాడు. బయట హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది.

ఆఖర్ని "తెర!" అన్నాడు. హాలు దద్దరిల్లేలా, వెనకటిలాగే. ఇన్ని నెలలు ఇంట్లో ఆ మాట వింటే నా గుండె చెరువయ్యేది. ఆ రోజు అతను తాడు లాగుతుంటే, ఇదే కదా ఈ మాట ఉండాల్సిన చోటు అనుకున్నాను. డైరెక్టరమ్మ వచ్చి, వచ్చే నాటకానికి కూడా మీరే కూచోవాలి సార్ అంది. అడిగింది ఆయన్ని, నన్ను కాదు. ఆయన కోసం నిలబడి ఆగింది. "ఊ... ఉంటా" అన్నాడు.

నిజంగా మర్చిపోయావా మూడో రంగంలో? ఆయన్ని అడిగితే కాగితం లాక్కుని ఇది రాశాడు.

అక్క

మొదట మర్చిపోయావు. ఇచ్చా.
మూడోది మర్చిపోలేదు. వీపు చూశా.

*

మా కుట్టుమిషను పక్కనుంచి

బావా,

దొరికిపోయాను. బట్టలో సూది దాచినా నీ చేతికే గుచ్చుకుంటుంది.

రిహార్సళ్ళప్పుడే పన్నాగం వేశాను. మూడో రంగంలో మర్చిపోయినట్టు ఆగాలి, నువ్వు అందించాలి, డైరెక్టరమ్మ వినాలి, మా బావ తన పీట తనే గెలుచుకోవాలి. ఆ సాయం నేను నీకు చేస్తున్నానని లోలోపల ఉబ్బిపోయాను కూడా. తీరా ఏమైంది? నేను సాయం చెయ్యకముందే మొదటి రంగంలో నువ్వు నన్ను కాపాడేశావు. అప్పటికైనా బుద్ధి తెచ్చుకుని ఊరుకోవచ్చుగా? ఊరుకుంటే నేనెలా అవుతాను. మూడో రంగంలోనూ ఆగాను. డైలాగు నాలిక మీదే ఉంది. హాలంతా నమ్మింది. నా తోటి నటుడు నమ్మి గుటకలు మింగాడు. మా అక్క నమ్మి వణికింది. నువ్వొక్కడివి నమ్మలేదు.

ఆ నిశ్శబ్దం గురించే ఇప్పుడు అందరూ చెప్పుకుంటున్నారట. పేపరులో కూడా వేశారు. నా గొప్పేం లేదు. నువ్వు ఊరుకున్నావు, అంతే.

నీకు జబ్బు చేసిందని, నీకు నేను అందించాలని అనుకున్నాను. నీకు పోయింది మాట. పని ఎక్కడికీ పోలేదు. ఓడిపోయాను బావా. ఇంత హాయిగా ఎప్పుడూ ఓడిపోలేదు. మీసం ఎంతవరకు వచ్చింది?

నీ బావమరిది

*

ముందుగది, కిటికీ దగ్గర

మహానటుడికి,

జాలి వద్దు. దొంగ వెధవ.

సెలూన్‌కి వెళ్ళా. ఒక్కణ్ణే. మీసం సంగతి అడిగాడు. అందరూ చూశారు. నే ఆగా. వాళ్ళూ ఆగారు.

"మీసం ఉంచు" అన్నా.

ఉంచాడు.

కొత్త నాటకం వచ్చింది. నీది పెద్ద వేషం.

పాఠం చదువు.

బావ